తీపి తీసిన తరవాత

పిప్పి, మొలాసిస్, ప్రెస్‌మడ్: ఒకప్పుడు చక్కెర మిల్లు వదిలించుకోవాలనుకున్న ఈ మూడింటి మీదే నేడు మిల్లు మనుగడ ఆధారపడి ఉంది. పెరిగిన వాటి విలువలో చెరకు రైతుకు చేరుతున్నదెంత అన్నదే అసలు ప్రశ్న.

దక్షిణ ఢిల్లీలోని సరోజినీ నగర్ బజారుకు దగ్గరలో చెరకు తోట గానీ చక్కెర మిల్లు గానీ లేవు. అయినా చక్కెర తయారీలో మిగిలిపోయే పదార్థాలు ఆ బజారుకు వచ్చేవారి చేతుల్లోకి ఏదో ఒక రూపంలో చేరుతూనే ఉంటాయి. చాట్ బండి దగ్గర ఆలూ టిక్కీ పెట్టి ఇచ్చే లేత గోధుమరంగు పళ్లెం చాలాసార్లు చెరకు పిప్పితో చేసినదే. బజారుకు వచ్చే స్కూటరు ట్యాంకులో ఉన్న పెట్రోలులో ఐదో వంతు ఇథనాల్ అనే ఆల్కహాల్ కాగా, అందులో కొంత భాగం చక్కెర మిల్లుల మొలాసిస్ నుంచి తీసినది. బ్రెడ్డు పొంగడానికి బేకరీలు వాడే ఈస్టును ఫ్యాక్టరీల్లో పెంచేది కూడా మొలాసిస్ మీదే. హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు పేరు పెట్టుకున్న ఈ కాలనీలోను, చుట్టుపక్కల ప్రభుత్వ క్వార్టర్లలోను తరతరాలుగా కాపురముంటున్న తెలుగు ఉద్యోగ కుటుంబాలకు చెరకు అంటే అనకాపల్లి బెల్లమో, సంక్రాంతి గడలో గుర్తుకు రావడం సహజమే గాని, ఆ గడ నుంచి తీపి తీసేశాక మిగిలేదాని కథ కూడా తీపి కథకు తీసిపోదు.

ఎండాకాలం ఢిల్లీ వీధుల్లో కనిపించే చెరకురసం బండి ఈ కథ మొదటి అంకాన్ని కళ్లకు కడుతుంది. బండి నడిపే మనిషి గడను రోలర్ల మధ్య ఒకసారి తిప్పి, నలిగిన గడను మడిచి, మధ్యలో నిమ్మచెక్క, అల్లం ముక్క ఇరికించి మళ్లీ రెండు మూడుసార్లు తిప్పేసరికి గ్లాసులోకి నురగతో రసం దిగుతుంది, అవతలివైపు నుంచి తడితడిగా, పీచుపీచుగా పిప్పి బయటికి వస్తుంది. సాయంత్రానికి గోనెసంచుల నిండా పేరుకుని ఈగలు ముసిరే ఆ పిప్పి బండి యజమానికి పారవేయవలసిన బరువు మాత్రమే. అదే పిప్పి మిల్లులో వేల టన్నులుగా ఒకేచోట పోగుపడినప్పుడు కరెంటవుతుంది, కాగితమవుతుంది, పళ్లెమవుతుంది. వ్యర్థానికీ ముడిసరుకుకూ మధ్య తేడా వస్తువులో లేదు. దాన్ని పోగుచేసి వాడుకునే ఏర్పాటులో ఉంది.

నూరు టన్నుల చెరకు లెక్క

మిల్లులో నూరు టన్నుల చెరకు ఆడితే రకాన్ని, కాలాన్ని, నేలను బట్టి సుమారు పది టన్నుల చక్కెర వస్తుంది. చెరకు బరువులో చక్కెరగా చేతికొచ్చే ఈ శాతాన్నే మిల్లు భాషలో రికవరీ అంటారు. అదే నూరు టన్నుల నుంచి దాదాపు ముప్పై టన్నుల పిప్పి, నాలుగు టన్నులకు కాస్త పైగా మొలాసిస్, మూడు నాలుగు టన్నుల ప్రెస్‌మడ్ మిగులుతాయి. చెరకులో అధిక భాగం నీరే కాబట్టి మిగతాది ఆవిరిగా, నీరుగా బయటికి పోతుంది.

ఈ మూడూ తయారీలో మూడు వేర్వేరు మజిలీల దగ్గర విడిపోతాయి. గడను ముక్కలు చేసి, వరుసగా అమర్చిన రోలర్ల మధ్య వేడినీళ్లు చల్లుతూ పిండినప్పుడు చివర మిగిలే పీచు పిప్పి. దాని బరువులో సగం నీరే ఉంటుంది, కొద్దిపాటి చక్కెర కూడా అంటుకుని ఉంటుంది. రసానికి సున్నం కలిపి, గంధకపు పొగ పట్టించి, కాచి తేర్చినప్పుడు అడుగుకు దిగే మట్టి, మైనం, సన్నని పీచు, సున్నపు లవణాలు కలిసిన ముద్దను వడగట్టగా వచ్చేది ప్రెస్‌మడ్. తేరిన రసాన్ని చిక్కబరిచి, పలుకు కట్టించి, వేగంగా తిరిగే జల్లెడ డ్రమ్ముల్లో వేసినప్పుడు పలుకులు లోపల నిలిచిపోయి నల్లని పాకం బయటికి చిమ్ముతుంది. దాన్ని మళ్లీ కాచి మళ్లీ పలుకు తీస్తారు. మొదటి విడత పాకాన్ని ఏ మొలాసిస్ అని, రెండో విడత దాన్ని బీ మొలాసిస్ అని, ఇక ఎంత కాచినా లాభసాటిగా పలుకు రాని చివరి పాకాన్ని సీ మొలాసిస్ అని పిలుస్తారు. చివరి పాకంలో కూడా దాదాపు సగం వరకు చక్కెరలే ఉంటాయి. అవి పలుకు కట్టవు గాని పులుస్తాయి. ఆ ఒక్క గుణం మీదే ఇథనాల్ పరిశ్రమ నిలబడి ఉంది.

పల్లెల్లో బెల్లం గానుగ దగ్గర ఈ విడివిడి మిగుళ్లు దాదాపు కనిపించవు. అనకాపల్లి ప్రాంతపు రైతు గానుగాడిన పిప్పిని కళ్లంలో ఆరబెట్టి ఆ పొయ్యిలోనే మంటకు వాడుకుంటాడు. పెనంలో రసం కాగేటప్పుడు పైకి తేలే మడ్డిని తీసి అవతల పోస్తాడు. పలుకునూ పాకాన్నీ వేరుచేయడు కాబట్టి మొలాసిస్‌లోని ఖనిజాలన్నీ బెల్లం దిమ్మలోనే ఉండిపోతాయి. తెల్లని చక్కెర కావాలనుకున్న నాటి నుంచే మిగుళ్ల సమస్య, మిగుళ్ల సంపద రెండూ మొదలయ్యాయి.

పిప్పి: నిప్పు, కాగితం, పళ్లెం

పిప్పికి తొలి ఉపయోగం మంట. చక్కెర మిల్లు తన బాయిలర్లకు కావలసిన ఇంధనాన్ని తన ముడిసరుకు నుంచే పొందుతుంది. టన్ను పిప్పి రెండు టన్నులకు పైగా ఆవిరినిస్తుంది. పాత మిల్లుల్లో బాయిలర్లను తక్కువ పీడనంతో నడిపేవారు. పిప్పి పేరుకుపోతే పెట్టుకోవడానికి చోటుండేది కాదు గనుక దాన్ని పొదుపుగా కాల్చవలసిన అవసరమూ ఉండేది కాదు. ఎక్కువ పీడనపు బాయిలర్లు వచ్చాక అదే పిప్పితో ముందు టర్బైన్ తిప్పి కరెంటు తీయడం, టర్బైన్ నుంచి వెలువడిన ఆవిరితో రసం కాచడం, మిల్లు అవసరాలకు పోగా మిగిలిన కరెంటును గ్రిడ్డుకు అమ్మడం సాధ్యమయింది. ఒకే మంటతో ఆవిరినీ విద్యుత్తునూ రాబట్టే ఈ పద్ధతినే సహోత్పత్తి, వాడుకలో కోజనరేషన్ అంటారు. దేశంలో పిప్పి ఆధారిత విద్యుత్ స్థాపక సామర్థ్యం ఇప్పుడు 9,000 మెగావాట్లు దాటింది.

పిప్పిలో నలభై శాతానికి పైగా ఉండే సెల్యులోజ్ కాగితానికి ప్రాణం. అయితే గడ లోపలి మెత్తని బెండు కాగితానికి పనికిరాదు. దాన్ని దులిపి వేరుచేసి, గట్టి పీచును మాత్రమే ఉడికించి గుజ్జు చేయాలి. తమిళనాడు ప్రభుత్వం 1979లో నెలకొల్పిన న్యూస్‌ప్రింట్ సంస్థ కరూర్ దగ్గర కాగితపురంలో 1984 నుంచి పిప్పితో పత్రికల కాగితాన్ని తయారుచేసి, చెట్టు కొట్టకుండా వార్తాపత్రిక అచ్చువేయవచ్చునని నిరూపించింది. మిల్లు తన పిప్పినంతా కాగితానికి ఇచ్చేస్తే బాయిలర్ ఆగిపోతుంది కనుక, పిప్పి తీసుకుని దానికి బదులు బొగ్గో ఆవిరో సమకూర్చే ఒప్పందాలు ఆ సంస్థ చక్కెర మిల్లులతో కుదుర్చుకోవడం ఇందులో గమనించదగిన సంగతి. ఢిల్లీకి దగ్గరగా చెరకు సీమ నడిబొడ్డున ఉన్న ముజఫర్‌నగర్‌లో కాగితం మిల్లులు పెద్ద సంఖ్యలో వెలియడానికీ చుట్టూ దొరికే పిప్పి ఒక కారణం.

పళ్లెం కథ ఇటీవలిది. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, కప్పులు, చెంచాల వంటివాటిని దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధించాక పిప్పి పళ్లేలకు గిరాకీ పెరిగింది. పిప్పి గుజ్జును నీళ్లలో కలిపి, జల్లెడ అచ్చుపై పీల్చి, వేడి అచ్చుల మధ్య నొక్కితే ఏ జిగురూ అక్కరలేకుండా పీచు పీచుకు పెనవేసుకుని పళ్లెంగా గట్టిపడుతుంది. వ్యవసాయ ఉప ఉత్పత్తులతో చేసే వడ్డన పాత్రలకు భారతీయ ప్రమాణాల సంస్థ 2023లో ఐఎస్ 18267 పేరుతో ప్రత్యేక ప్రమాణం ప్రకటించింది. అరటాకు, బాదం ఆకు, మోదుగ విస్తరి ఎరిగిన తెలుగువారికి తిని పారేస్తే మట్టిలో కలిసిపోయే పళ్లెం కొత్త ఆలోచన కాదు; దాన్ని యంత్రం మీద లక్షల సంఖ్యలో చేయడమే కొత్త. అయితే పిప్పి పళ్లెం కూడా తడి, గాలి, సూక్ష్మజీవులు ఉన్న కంపోస్టు గుంటలోనే త్వరగా మట్టి అవుతుంది. తడి చెత్త, పొడి చెత్త కలిపేసి గాజీపూర్, ఓఖ్లా, భలస్వా చెత్తకొండల మీదికి చేర్చినప్పుడు ఆ పళ్లెం తన మేలును చాలావరకు పోగొట్టుకుంటుంది.

పిప్పికి ఒక చీకటి కోణమూ ఉంది. నిలవ పెట్టిన పిప్పిలో మిగిలిన చక్కెరకు బూజు వంటి సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఎండిన ఆ పిప్పి ధూళిని పీల్చే కార్మికులకు బగాసోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. పిప్పిని తడిపి నిలవ చేయడం, ధూళి లేకుండా తరలించడం, కార్మికులకు ముఖకవచాలు ఇవ్వడం దీనికి తెలిసిన నివారణలు. మిగులు నుంచి లాభం తీసేవారు ఈ ఖర్చును లాభంలో భాగంగానే లెక్కించాలి.

మొలాసిస్: మాత్ర నుంచి పెట్రోలు దాకా

పశ్చిమగోదావరి జిల్లా తణుకులో ముళ్ళపూడి హరిశ్చంద్ర ప్రసాద్ నాయకత్వంలో 1947లో ఏర్పడిన ఆంధ్రా షుగర్స్, మొలాసిస్‌ను ఎంత దూరం తీసుకుపోవచ్చునో తెలుగు నేల మీదే చూపించింది. మొలాసిస్‌ను ఈస్టుతో పులియబెట్టి బట్టీ పెడితే ఆల్కహాల్, దాన్ని గాలిలోని ఆక్సిజన్‌తో మార్పు చెందిస్తే ఎసిటాల్డిహైడ్, ఆపై వినెగర్‌కు పులుపునిచ్చే ఎసిటిక్ ఆమ్లం, దాని నుంచి ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ వస్తాయి. ఈ చివరిదాన్ని శాలిసిలిక్ ఆమ్లంతో కలిపితే తలనొప్పికీ గుండెజబ్బుకూ వాడే ఆస్పిరిన్ తయారవుతుంది. తణుకు కర్మాగారాలు ఎసిటిక్ ఆమ్లాన్నీ ఆస్పిరిన్‌నూ తయారుచేశాయి. చెరకు గడకూ మందుల షాపులోని తెల్ల మాత్రకూ ఉన్న ఈ చుట్టరికం ఉప ఉత్పత్తి అనే మాటకు అసలైన అర్థం చెబుతుంది. కృష్ణా జిల్లా ఉయ్యూరులో 1941లో నెలకొన్న కేసీపీ చక్కెర కర్మాగారం కూడా డిస్టిలరీతో ఆగకుండా, పులిసేటప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి అమ్మడం, కాల్షియం లాక్టేట్, జీవన ఎరువులు తయారుచేయడం వంటి దారులు తొక్కింది.

ఇన్ని దారులున్నా చాలాకాలం పాటు మొలాసిస్ మిల్లులకు తలనొప్పిగానే ఉండిపోయింది. 1961 నాటి నియంత్రణ ఉత్తర్వు దాని ధరనూ పంపిణీనీ ప్రభుత్వం చేతిలో పెట్టింది. తక్కువ ధరకు అమ్మక తప్పని సరుకు మీద మిల్లులు శ్రద్ధ పెట్టలేదు. కేంద్రం 1993లో ఆ ఉత్తర్వును రద్దు చేశాకే మొలాసిస్‌కు బజారు ధర అంటూ ఏర్పడింది.

ఇంధనంగా ఆల్కహాల్ ఆలోచన అంతకన్నా పాతది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడే, 1948లో, పెట్రోలులో ఆల్కహాల్ కలపడానికి పవర్ ఆల్కహాల్ చట్టం వచ్చింది గాని అది ఆచరణలో పెద్దగా ఫలించక, 2000లో రద్దయింది. 2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్ సహా తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతం మిశ్రమంతో కార్యక్రమం మళ్లీ మొదలయింది. పదేళ్లు గడిచినా 2013-14లో సగటు మిశ్రమం 1.5 శాతం దగ్గరే ఉంది. 2018 జీవ ఇంధన విధానం బీ మొలాసిస్ నుంచి, నేరుగా చెరకు రసం నుంచి కూడా ఇథనాల్ తీయడానికి అనుమతించింది; వేర్వేరు ముడిసరుకులకు వేర్వేరు ధరలు నిర్ణయించే పద్ధతి వచ్చాక వేగం పెరిగింది. 2022 జూన్‌లో 10 శాతం, 2025లో 20 శాతం మిశ్రమం సాధ్యమయ్యాయి. 1975లోనే జాతీయ ఇథనాల్ కార్యక్రమం ప్రారంభించిన బ్రెజిల్ 2025 ఆగస్టు నుంచి 30 శాతానికి చేరింది.

ఈ శాతాల అర్థం చేతికందేటట్టు చెప్పాలంటే ఒక స్కూటరు ట్యాంకు చాలు. ఐదు లీటర్ల పెట్రోలు పోయిస్తే అందులో లీటరు ఇథనాల్ ఉంటుంది. అది పూర్తిగా సీ మొలాసిస్ నుంచే వచ్చిందనుకుంటే దానికి సుమారు నాలుగున్నర కిలోల మొలాసిస్, అంటే దాదాపు క్వింటాలు చెరకు ఆడగా మిగిలే పాకం కావాలి. ఆ క్వింటాలు చెరకు నుంచి పది కిలోల చక్కెర అప్పటికే బయటికి వచ్చేసి ఉంటుంది కనుక ఈ లీటరుకు అదనపు పొలం గానీ అదనపు నీరు గానీ అక్కరలేదు. చెరకు రసాన్నే నేరుగా ఇథనాల్‌కు మళ్లిస్తే ఈ మాట చెల్లదు. అప్పుడు ఇథనాల్ మిగులు నుంచి వచ్చేది కాదు, చక్కెరకు పోటీదారు అవుతుంది. అందుకే చెరకు తగ్గిన 2023 డిసెంబరులో కేంద్రం రసం మళ్లింపుపై ఆంక్షలు పెట్టవలసి వచ్చింది. ఇటీవల మొక్కజొన్న, బియ్యం వంటి ధాన్యాల నుంచి వచ్చే ఇథనాల్ చెరకు ఇథనాల్‌ను మించిపోయింది. నీటిని విపరీతంగా తాగే పంట విషయంలో, చెరకు తీపని వేళ్లతో సహా నమలకూడదన్న సామెతను విధానకర్తలు గుర్తుంచుకోవలసి ఉంది.

నేలది నేలకే

మొలాసిస్‌ను బట్టీ పెట్టాక మిగిలే ముదురు గోధుమరంగు ద్రవాన్ని స్పెంట్‌వాష్ అంటారు. లీటరు ఆల్కహాల్‌కు పది లీటర్ల వరకు వెలువడే ఈ ద్రవం చెరువులో కలిస్తే నీటిలోని ప్రాణవాయువునంతా మింగి చేపలను చంపుతుంది. డిస్టిలరీలను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అత్యధిక కాలుష్య పరిశ్రమల జాబితాలో చేర్చడానికి ఇదే కారణం. చుక్క కూడా బయటికి వదలకూడదన్న నిబంధన వచ్చాక ఈ ద్రవం నుంచి ముందు మీథేన్ వాయువు తీయడం, తరవాత చిక్కబరిచి బాయిలర్లలో కాల్చడం, లేదా ప్రెస్‌మడ్‌తో కలిపి కంపోస్టు చేయడం అలవాటయ్యాయి.

కాల్చగా మిగిలిన బూడిదలో ఒక నిధి ఉంది. చెరకు నేల నుంచి పీల్చుకున్న పొటాష్‌లో చాలా భాగం మొలాసిస్ మీదుగా ఈ బూడిదలోకి చేరుతుంది. పొటాష్ ఎరువు కోసం దిగుమతుల మీదే ఆధారపడిన దేశంలో ఇది చిన్న విషయం కాదు. మొలాసిస్ నుంచి తీసే ఈ ఎరువును కేంద్రం 2021లో పోషకాధారిత సబ్సిడీ పథకంలో చేర్చింది. ప్రెస్‌మడ్ సంగతీ అంతే: సేంద్రియ పదార్థం, భాస్వరం, కాల్షియం ఉన్న ఆ ముద్దను మాగబెట్టి పొలానికి తోలుకోవడం చెరకు రైతులకు పాత అలవాటు. 2018లో ప్రారంభమైన సతత్ పథకం దాన్ని గాలి చొరని ట్యాంకుల్లో కుళ్లబెట్టి వాహనాలకు పనికివచ్చే గ్యాస్ తీయడానికి దారి తెరిచింది. గ్యాస్ తీశాక మిగిలే ముద్ద అప్పటికీ ఎరువే. అయితే ప్రెస్‌మడ్‌కు ఇలా ధర పలికే కొద్దీ రైతుకు చౌకగానో ఉచితంగానో దొరికే ఎరువు దూరమవుతుందన్నది కూడా నిజం.

మూతపడిన గేట్లు చెప్పే పాఠం

ఉప ఉత్పత్తులే మిల్లుకు రక్ష అనుకుంటే తెలుగు నేల అనుభవం ఆ మాటను సగమే ఒప్పుకుంటుంది. విశాఖ సీమలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక రైతులు 1933లోనే సంఘంగా కూడి దేశంలోని తొలి సహకార చక్కెర కర్మాగారాల్లో ఒకదానికి ప్రాణం పోశారు. ఆ తరవాత వచ్చిన సహకార మిల్లుల్లో అనకాపల్లి దగ్గరి తుమ్మపాల, చిత్తూరు, రేణిగుంట దగ్గరి గాజులమండ్యం, నెల్లూరు జిల్లా కోవూరు మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. పాత యంత్రాలు, పేరుకున్న అప్పులు, రైతులకు బకాయిలు, వరికీ ఇతర పంటలకూ మళ్లిన పొలాలు ఇందుకు కారణాలు కాగా, చక్కెర ధర పడిపోయిన ఏడు ఆదుకోవడానికి మరో ఆదాయం తగినంత లేకపోవడం వాటికి తోడయింది.

కాని బోధన్ కథ వేరు. నిజాం ప్రభుత్వం 1937లో అక్కడ స్థాపించిన, ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదిగా పేరుపడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీకి సొంత చెరకు పొలాలూ, డిస్టిలరీ కూడా ఉండేవి. 2002లో యాజమాన్యంలో అధిక వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో ఆ సంస్థకు చెందిన బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి మిల్లులు మూడూ ఆగిపోయాయి. మిల్లు మీద నమ్మకం పోయిన ఊళ్లలో రైతు చెరకు నాటడు. చెరకు నాటకపోతే పిప్పీ లేదు, మొలాసిస్సూ లేదు, వాటి మీద కట్టిన ఏ పరిశ్రమా లేదు. ఉప ఉత్పత్తుల గొలుసు ఎంత పొడవైనా దాని మొదటి కొక్కెం రైతు చేతిలోనే ఉందని బోధన్ చెబుతున్నది.

ఆ చేతికి దక్కేదెంత అన్న ప్రశ్న కూడా కొత్తది కాదు. భార్గవ కమిషన్ సూచన మేరకు 1974లో చెరకు నియంత్రణ ఉత్తర్వులో చేరిన 5ఏ నిబంధన, మిల్లుకు అదనంగా వచ్చిన ఆదాయంలో రైతుకు వాటా ఇవ్వాలన్నది. 2009లో ప్రస్తుత ఎఫ్ఆర్‌పీ, అంటే న్యాయమైన లాభసాటి ధర విధానం వచ్చినప్పుడు దాన్ని తొలగించారు. 2012లో, అంతకు ముందు ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పనిచేసిన చక్రవర్తి రంగరాజన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ, చక్కెర, పిప్పి, మొలాసిస్, ప్రెస్‌మడ్ అమ్మకాల విలువలో 70 శాతం, లేదా చక్కెర విలువ ఒక్కటే తీసుకుంటే 75 శాతం రైతుకు చెందాలని సిఫార్సు చేసింది. కర్ణాటక, మహారాష్ట్ర 2013లో ఆ దారిలో చట్టాలు చేశాయి.

ఇక్కడొక సూక్ష్మం ఉంది. ఎఫ్ఆర్‌పీ నిర్ణయించేటప్పుడు పరిగణించవలసిన అంశాల్లో ఉప ఉత్పత్తుల రాబడి కూడా ఉంది గాని, అక్కడ పేర్కొన్నవి మొలాసిస్, పిప్పి, ప్రెస్‌మడ్ మాత్రమే. వాటి నుంచి పుట్టే ఇథనాల్, విద్యుత్తు, గ్యాస్, పొటాష్ కావు. విలువ అసలు పెరుగుతున్నది ఈ రెండో మెట్టు మీద. 2024-25లో సీ మొలాసిస్ ఇథనాల్‌కు లీటరుకు 57 రూపాయల 97 పైసలు నిర్ణయించిన వ్యవస్థ, ఆ లీటరు వెనకున్న క్వింటాలు చెరకుకు 10.25 శాతం రికవరీ ప్రాతిపదికన ప్రకటించిన ధర 340 రూపాయలు. డిస్టిలరీకి పెట్టుబడి పెట్టింది, నష్టభయం మోసింది మిల్లే కనుక లాభమూ మిల్లుదే అన్న వాదనలో బలముంది. కాని ఆ డిస్టిలరీలకు వడ్డీ రాయితీ ఇచ్చింది ప్రజాధనమే. వాటి సరుకుకు ముందే నిర్ణయించిన ధరా, ఖాయమైన కొనుగోలుదారూ ఏర్పాటు చేసింది ప్రభుత్వమే. ప్రజల పూచీతో పెరిగిన విలువలో రైతుకు వాటా అడగడం దయ కోరడం కాదు, లెక్క అడగడం.

కనుక చేయవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. ఇథనాల్, విద్యుత్తు, గ్యాస్ రాబడిని మిల్లులు విడిగా చూపించే నియమం రావాలి, అందులో కొంత శాతం సీజను చివర చెరకు తోలిన రైతు ఖాతాకు చేరాలి. ఎరువుగా మారిన ప్రెస్‌మడ్, పొటాష్ ముందుగా అదే రైతు పొలానికి వెళ్లాలి. నగరాల్లో పిప్పి పళ్లెం తడి చెత్త బుట్టలోకి చేరే ఏర్పాటు పురపాలక సంస్థలు చేయాలి, సరోజినీ నగర్‌లో చాట్ తిన్న మనిషి ఆ పళ్లేన్ని ఆ బుట్టలోనే వేయాలి. ఆ పళ్లెం ఏడాదిపాటు ఎండలో, నీటిలో, రైతు కష్టంలో పెరిగిన గడలో మిగిలిన భాగం. ఆ గడకు పూర్తి ధర ముట్టిననాడే దాని ఉప ఉత్పత్తుల గురించి దేశం గర్వంగా చెప్పుకోగలుగుతుంది.